మీట లేని వేడి

అక్టోబరు సగంలో ఎవరో ఎక్కడో
పెద్ద చక్రం తిప్పుతారు.
అప్పట్నుంచి ఏప్రిల్ దాకా
నా ఇంట్లో వేడి ఎంతుండాలో
చెప్పే హక్కు నాకు లేదు.

కరగండలో ఈ రాత్రి సున్నాకి కింద ముప్పై ఒకటి.
లోపల మావాడు బనియనుతో తిరుగుతూ
ఐస్‌క్రీం అడుగుతున్నాడు.
గోడవార ఇనప రేడియేటరు
ఎవరో నీళ్ళు పుక్కిలిస్తున్నట్టు చప్పుడు చేస్తోంది.
దానికి మీట లేదు. కట్టినవాళ్ళు పెట్టలేదు.
బొగ్గు మీద ఇల్లు కట్టుకున్నవాడికి
పొదుపెందుకు అనుకున్నారో ఏమో.

అందుకని కిటికీ తీస్తాను.

అందరం తీస్తాం.
చెత్త పారేయడానికి కిందికెళ్ళి తలెత్తి చూస్తే
తొమ్మిదంతస్తుల నిండా నోళ్ళు తెరిచి
ఆవిరి వదులుతున్న కిటికీలు.
ఒకసారి లెక్కపెట్టాను. అరవై మూడు.
మెట్లెక్కి ఇంట్లోకొచ్చాక గుర్తొచ్చింది
నాది కలపలేదని.

తొలేగెన్, మా ఆయన, గనిలో దిగుతాడు.
తాను తవ్విన బొగ్గు
రైలెక్కి, ఊరవతల కాలి,
నీళ్ళను మరగబెట్టి,
మైళ్ళకొద్దీ గొట్టాల్లో నడిచి నడిచి
నా వంటింటికి చేరి,
జానెడు సందులోంచి ఆకాశంలో కలిసిపోతుంది.
ఆయనకంటే ముందే ఇల్లు చేరుతుంది,
ఆయన వచ్చేసరికి ఉండదు.

పొద్దున షిఫ్టు దిగి వస్తాడు,
కనురెప్పల అంచున ఎంత కడిగినా పోని కాటుక.
బూట్లు విప్పకముందే అనే మాట:
"ఉక్కగా ఉంది, కిటికీ తియ్యి."

ఇక్కడ మంచుకి రెండు రంగులు.
పడేటప్పుడు ఒకటి, తెల్లారేసరికి ఒకటి.
బడిలో మంచుబొమ్మ గియ్యమంటే
మా ఎర్నార్ బూడిదరంగు పెన్సిలు తీశాడట.
టీచరు తప్పనలేదు.
ఆవిడదీ ఈ ఊరే.

పోయిన నెల నాకు బుద్ధి పుట్టింది.
పైపుల పని చేసే ముసలి గెన్రిఖ్‌ని పిలిచి
రేడియేటరుకి ఇత్తడి కుళాయి బిగించమన్నాను.
సగం తిప్పాను. గది చల్లబడింది.
కిటికీ మూశాను. ఏదో గెలిచినట్టే ఉంది.

అర్ధరాత్రి గొట్టం మోగింది. టంగ్, టంగ్.
పైఅంతస్తు రౌషాన్ అవ్వ గరిటెతో కొడుతోంది.
ఆ పైన ఇంకెవరో సుత్తితో.

"ఒకటే గొట్టం, కంషత్," అన్నాడు గెన్రిఖ్ మర్నాడు,
డబ్బులు వెనక్కిస్తూ.
"గోడలు నీకే ఉన్నాయి. దానికి లేవు.
నీ గదిలోంచే పైకి పోవాలి."

కుళాయి మళ్ళీ మొత్తం తిప్పి
రొట్టెలు పట్టుకుని పైకెళ్ళాను, క్షమాపణగా.
అక్కడితో ఆగక ఎందుకో
తొమ్మిది దాకా ఎక్కాను.
చివరి వాటాలో పాక్ గారి కుటుంబం
కోట్లు తొడుక్కుని అన్నం తింటోంది.
మధ్యలో కరెంటు హీటరు, రెండు తీగలూ ఎర్రగా.
కింద వేడెక్కువై కిటికీలు,
పైన వేడి చాలక తీగలు.
రెండు చివరలా
తొలేగెన్ తవ్విందే కాలుతోంది.

మెట్లమీద సమావేశం పెట్టాను.
పదకొండు మంది వచ్చారు.
ప్రతి గదికీ పక్క గొట్టం, మీట, ఇంటింటికీ లెక్క:
ఖర్చు కాగితం చేతులు మారి మారి
నా దగ్గరికే వచ్చింది.
"ఎండాకాలంలో చూద్దాం," అన్నారు.
ఎండాకాలంలో ఎవరికి గుర్తుంటుంది?
కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించాను,
పదకొండు సంతకాలతో.
పాక్ గారు రెండుసార్లు పెట్టాడు.

ఇప్పుడు రాత్రి రెండు.
ఎర్నార్ దగ్గి, అటు తిరిగి పడుకున్నాడు.
తొలేగెన్ ఇంకా భూమిలోపలే ఉన్నాడు.
కిటికీ సందులో అరచెయ్యి పెట్టాను.
వేళ్ళ కొసలు కొరుక్కుపోతున్నాయి,
మణికట్టు దగ్గర మాత్రం
వెళ్ళిపోతున్నది వెచ్చగా తగులుతోంది,
పనినుంచి వచ్చిన మనిషి ఊపిరిలా.